గ్రాంట్ రాకముందే మొదలైన గొడవ

ప్రశ్న: నమస్తే మేడమ్. ఒక క్రిప్టో ప్రాజెక్టు కమ్యూనిటీలో రెండేళ్లుగా వాలంటీరుగా పనిచేస్తున్నాను. వారానికోసారి ఆన్‌లైన్‌లో పెద్ద మీటింగ్ ఉంటుంది. అది అయ్యాక జనం నాలుగు చిన్న గదుల్లోకి విడిపోయి మాట్లాడుకుంటారు. కొత్తవాళ్లకు ఒకటి, డెవలపర్లకు ఒకటి, ప్రపోజల్ రాసేవాళ్లకు ఒకటి, మా భాషవాళ్లకు ఒకటి. ఈ గదులు నడిపే హోస్టులం మొత్తం తొమ్మిది మందిమి. ఇప్పటిదాకా ఎవరికీ పైసా ముట్టలేదు. ఈసారి ప్రాజెక్టు ట్రెజరీ (ఉమ్మడి నిధి) నుంచి గ్రాంట్లకు దరఖాస్తులు పిలిచారు. ఆరు నెలలకు 12,000 డాలర్ల విలువైన టోకెన్లు (ప్రాజెక్టు క్రిప్టో నాణేలు) అడుగుదామనుకున్నాం. డ్రాఫ్ట్ తెరిచిన రోజు నుంచీ గొడవే. గదికి ఎంతమంది వస్తే అంత డబ్బు అని ఒకరు. ముందు గత రెండేళ్ల పనికి లెక్క కట్టాలని ఇంకొకరు. మేమంతా అక్కా అని పిలిచే సీనియర్ హోస్ట్ మాత్రం 'డబ్బు మొదలైతే నేను ఉండను' అంటున్నారు. నోట్స్ రాసే అబ్బాయి 'మాట్లాడేవాళ్లకేనా డబ్బు?' అని ఒక్క మెసేజ్ పెట్టి ఊరుకున్నాడు. దరఖాస్తు నా పేరు మీద ఉంది, డబ్బు కూడా నా వాలెట్‌కే వస్తుంది. అది తలుచుకుంటేనే టెన్షన్. నేనూ వాటా తీసుకోవచ్చా? అడగడానికి కూడా మొహమాటంగా ఉంది. గడువు మూడు వారాలే.
– ఒక సమన్వయకర్త

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ నోట్స్ రాసే అబ్బాయి మెసేజ్ దగ్గరే ఆగిపోయాను. అందరూ డబ్బు గురించి వాదిస్తుంటే అతనొక్కడే పని గురించి అడిగాడు. అక్కడి నుంచే మొదలుపెడదాం.

గది నడిచేది గంట. ఆ గంటకు ముందు ఏం చర్చించాలో ఎవరో ఆలోచించాలి. రెండు మూడు చోట్ల లింకు పెట్టాలి, వస్తామన్నవాళ్లకు గుర్తుచేయాలి. గది తెరిచాక తలుపు దగ్గర ఒకరు ఉండాలి. క్రిప్టోలో ఆ కాపలా లాంఛనం కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. కొత్తగా వచ్చినవాడు ఒక ప్రశ్న అడగగానే 'సపోర్ట్ టీమ్' అనే పేరుతో ఎవడో వాడికి ప్రైవేటుగా మెసేజ్ పెట్టి, వాలెట్ సీడ్ ఫ్రేజ్ (వాలెట్ తెరిచే రహస్య పదాల వరస) చెప్పమంటాడు. చెప్పాడా, ఆ సాయంత్రానికి వాలెట్ ఖాళీ. అలాంటివాణ్ణి కనిపెట్టి బయటికి పంపడం, ప్రతి సెషన్ మొదట్లో 'ఎవరు అడిగినా సీడ్ ఫ్రేజ్ చెప్పకండి' అని విసుగు లేకుండా చెప్పడం, ఇదంతా పనే. గంట అయ్యాక నోట్స్ శుభ్రంగా రాయాలి. జవాబు దొరకని ప్రశ్నలు పట్టుకుని తెలిసినవాళ్ల వెంట పడాలి. గంట మీటింగ్ వెనక తేలిగ్గా మూడు నాలుగు గంటల పని ఉంటుంది. అందులో వేదిక మీద కనిపించేది ఆ గంటే.

అందుకే మీ మొదటి నిర్ణయం ఇదే కావాలి: గొంతు వినిపించిన మనిషికి, నోట్స్ రాసిన మనిషికి, తలుపు కాసిన మనిషికి ఒకటే రేటు. నాలుగు గదులకు నలుగురు నడిపేవాళ్లు, నలుగురు రాసేవాళ్లు, గదులన్నీ తిరుగుతూ కాపలా చూసుకునేవాళ్లు ఒకరు. తొమ్మిది మందికి సరిగ్గా సరిపోయింది. వారానికి తొమ్మిది పాళ్లు, 26 వారాలకు 234 పాళ్లు. ఒక్కో పాలుకు 45 డాలర్లు అనుకుంటే 10,530 డాలర్లు అవుతాయి. ఇంకా 1,470 మిగులుతాయి. వాటి సంగతి తర్వాత చెబుతాను. రానివాళ్ల పాలు బదులు వచ్చిన మనిషికి వెళ్తుంది. బదులు ఎవరూ రాకపోతే ఆ పాలు ఉమ్మడి డబ్బులోనే ఉండిపోతుంది.

నడిపేవాళ్లకు ఎక్కువ నైపుణ్యం కావాలి కదా, వాళ్లకూ తలుపు కాసినవాళ్లకూ ఒకటే ఎలా అని ఎవరైనా అడుగుతారు. అడగనివ్వండి. తొమ్మిది మందిలో హెచ్చుతగ్గులు పెట్టి మీరు మిగుల్చుకునేది కొన్ని డాలర్లు, పోగొట్టుకునేది అంతకంటే చాలా ఎక్కువ. పైగా పనులు వంతులవారీగా మారుతూ ఉంటే ఆ ప్రశ్న దానంతటదే పోతుంది. ఒక నెల నోట్స్ రాసి చూస్తే, అదెంత పనో గది నడిపేవాళ్లకు తెలిసొస్తుంది.

ఇక రెండేళ్ల బాకీ సంగతి. మీ గొడవకు అసలు ముడి ఇక్కడే ఉందని నాకనిపిస్తోంది. మన భాషలో డబ్బు ఇవ్వడానికి చాలా మాటలున్నాయి. వాటిలో రెండు ఇక్కడ పనికొస్తాయి: కూలి, సంభావన. కూలి అంటే పనికి ముందు మాట్లాడుకున్న రేటు. సంభావన అంటే ఇచ్చేవాళ్లు గౌరవంతో తమ శక్తి కొద్దీ ఇచ్చేది. కూలి గట్టిగా అడిగి తీసుకోవచ్చు. సంభావన దగ్గర బేరం పనికిరాదు. మీవాళ్లు చేయబోయే ఆరు నెలల పనికి అడుగుతున్నది కూలి. చేసేసిన రెండేళ్ల పనికి రావలసింది సంభావన. ఈ రెండూ ఒకే సంచిలో వేస్తే, కూలి అడిగేవాళ్లకు బిచ్చం అడుగుతున్నట్టూ, సంభావన తీసుకునేవాళ్లకు బాకీ వసూలు చేస్తున్నట్టూ ఉంటుంది.

క్రిప్టో ప్రపంచంలోనూ ఈ రెండు సంచులూ వేరుగానే ఉన్నాయి. కార్డానో అనే బ్లాక్‌చెయిన్‌లో 2020లో మొదలైన ప్రాజెక్ట్ క్యాటలిస్ట్ అనే గ్రాంట్ల పథకం చూడండి. అక్కడ ఏం చేస్తామో ముందు ప్రపోజల్‌లో రాయాలి, కార్డానో టోకెన్ అడా ఉన్నవాళ్లు ఓటేస్తారు, తర్వాత ట్రెజరీ నుంచి డబ్బు వస్తుంది. అది రాబోయే పనికి. ఆప్టిమిజం అనే ఇంకో క్రిప్టో నెట్‌వర్క్ వాళ్లు దీన్ని తిరగేశారు. ముందు పని చేసేయండి, ఉపయోగపడిందో లేదో చూసి వెనక్కి తిరిగి డబ్బిస్తాం అన్నారు. ఏది పనికొస్తుందో ఊహించడం కంటే ఏది పనికొచ్చిందో తేల్చడం తేలిక అన్నది వాళ్ల వాదన. 2021 చివర్లో మొదటి విడతగా పది లక్షల డాలర్లు, 2023లో రెండో విడతగా తమ సొంత ఓపీ టోకెన్లు కోటి, తర్వాతి విడతలో మూడు కోట్ల టోకెన్లు ఇలాగే పంచారు. పోల్కాడాట్ అనే మరో బ్లాక్‌చెయిన్ ట్రెజరీలో 'టిప్' అనే పద్ధతి కూడా ఇలాంటిదే, జరిగిపోయిన చిన్న చిన్న మంచి పనులకు. మీ ప్రాజెక్టులోనూ ఇలా వెనక్కి చూసి ఇచ్చే ఏర్పాటు ఉందేమో కనుక్కోండి. ఉంటే ఆ రెండేళ్ల పనికి అక్కడ విడిగా దరఖాస్తు పెట్టండి. లేకపోతే, పాత పనికి లెక్క కట్టమన్న ఆ పెద్దమనిషితో 'అన్నా, నువ్వు చేసింది నిజమే, కానీ ఈ డబ్బు దానికి కాదు' అని నేరుగా చెప్పండి. ఎందుకంటే జనం ఓటేసేది రాబోయే ఆరు నెలల గదులకు. ఆ డబ్బు తీసి పాత లెక్కకు సర్దితే, ఓటేసినవాళ్లను మోసం చేసినట్టే. బ్లాక్‌చెయిన్ మీద ప్రతి చెల్లింపూ అందరికీ కనిపిస్తుంది. ఎవరో ఒకరు తవ్వి తీస్తారు.

డబ్బు ఇంకా రాకముందే ఈ పంపకాల గోల ఏమిటని మీకు అనిపించి ఉండొచ్చు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు ఊరికే వెక్కిరించలేదు. కానీ గ్రాంట్ విషయంలో మాత్రం సోమలింగానికి ముందే పేరు పెట్టేయాలి. డబ్బు చేతికి వచ్చాక రాసే ఏ నియమమైనా ఎవరో ఒకరి ముఖం చూసి రాసినట్టే ఉంటుంది. రాకముందు రాస్తే అది నియమం మాత్రమే. నాకిది అనుభవం మీద తెలిసింది. చాలా ఏళ్ల క్రితం నేనున్న ఒక వాలంటీర్ బృందానికి అనుకోకుండా కొంత విరాళం వచ్చింది. చిన్న మొత్తమే. ఎలా పంచాలో ముందు అనుకోలేదు. నాలుగు నెలల్లో మా ఆరుగురిలో ముగ్గురం ఒకరితో ఒకరం మాట్లాడుకోవడం మానేశాం. నేను మాట్లాడకుండా ఉన్న మనిషి ఇప్పటికీ నాకు గుర్తొస్తుంటుంది. మొత్తం ఎంతో మాత్రం గుర్తులేదు.

గదికి వచ్చే తలల లెక్కన ఇద్దామన్న ఆలోచనను ఇప్పుడే పక్కన పెట్టేయండి. క్రిప్టోలో తల అంటే ఒక వాలెట్ అడ్రస్, అడ్రస్‌కు ఖర్చేమీ లేదు. ఒక మనిషి సాయంత్రం కూర్చుంటే యాభై తలలు మొలిపించగలడు. హాజరైనందుకు గుర్తుగా ఇచ్చే పోఆప్ (POAP) అనే డిజిటల్ బ్యాడ్జీల దగ్గర ఇదే జరిగింది. ఎప్పుడైనా వాటికి ఎయిర్‌డ్రాప్ (ఉచితంగా పంచే టోకెన్లు) వస్తుందేమోనని, వినకుండానే లింకు నొక్కి బ్యాడ్జీ పట్టుకుపోయేవాళ్లు తయారయ్యారు. ఒకవేళ వచ్చేవాళ్లంతా నిజమైన మనుషులే అనుకున్నా, తలల లెక్క హోస్టును తప్పుదోవ పట్టిస్తుంది. మీ భాష గదికి పదకొండు మంది వస్తారు, ధర ఎప్పుడు పెరుగుతుందో మాట్లాడే గదికి రెండొందల మంది వస్తారు. నాలుగు వారాలు తిరిగేసరికి అన్ని గదుల్లోనూ ధర గురించే మాట్లాడుతుంటారు.

చిన్న గదులను కాపాడే లెక్క ఒకటుంది. మీకు తక్షణం పనికిరాకపోయినా చెప్పాలనిపిస్తోంది. 2018లో ఇథీరియం బ్లాక్‌చెయిన్ సృష్టికర్తల్లో ఒకరైన విటాలిక్ బుటెరిన్, ఆర్థికవేత్తలు జోయీ హిట్జిగ్, గ్లెన్ వెయిల్ ప్రతిపాదించిన క్వాడ్రాటిక్ ఫండింగ్ అది. ఓపెన్ సోర్స్ పనులకు నిధులు సమకూర్చే గిట్‌కాయిన్ వాళ్లు 2019 నుంచి దాన్ని గ్రాంట్లలో వాడారు. ఒక్కొక్కరు ఇచ్చిన మొత్తానికి వర్గమూలం తీసి, అన్నీ కూడి, వచ్చినదాన్ని వర్గం చేస్తారు. ఒక్క మనిషి 100 డాలర్లు ఇస్తే లెక్క 100 దగ్గరే ఉంటుంది. అదే వందమంది ఒక్కో డాలరు ఇస్తే 10,000 అవుతుంది. ఉమ్మడి నిధిలో ఎంత ఉందో చూసుకుని ఆ దామాషాలో పంచుతారు. డబ్బున్న ఒక్కడి కంటే ఇష్టపడే వందమందికి బరువెక్కువ అన్నమాట. మీ ప్రాజెక్టులో ఇలాంటి రౌండ్ ఎప్పుడైనా పెడితే మీ భాష గదిని అందులో నిలబెట్టండి. టోకెన్ల బరువును బట్టి ఓట్లు లెక్కించే చోట ఆ గది ఎప్పుడూ చివరే ఉంటుంది. క్వాడ్రాటిక్ ఫండింగ్‌లో దొంగ తలల బెడద ఇంకా ఎక్కువ, అది వేరే కథ.

ఇప్పుడు అక్క దగ్గరికి వద్దాం. 'డబ్బు మొదలైతే నేను ఉండను' అన్నమాటను మొండితనం అని కొట్టేయకండి. ఆవిడ భయానికి గట్టి ఆధారాలున్నాయి. యూరి నీజీ, ఆల్డో రుస్టిచీని అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2000లో రెండు ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. ఒకటి ఇజ్రాయెల్‌లోని హైఫాలో శిశు సంరక్షణ కేంద్రాల్లో చేసినది. పిల్లలను తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా పెడితే, ఆలస్యంగా వచ్చేవాళ్లు తగ్గాల్సింది పోయి పెరిగారు. అప్పటిదాకా 'పాపం, టీచరమ్మ కూర్చుని ఉంటుంది' అని పరిగెత్తినవాళ్లు, ఇప్పుడు డబ్బు కడుతున్నాం కదా అనుకున్నారు. అసలు విశేషం ఆ తర్వాత. జరిమానా ఎత్తేశాక కూడా పాత పద్ధతి తిరిగి రాలేదు. రెండోది చందాలు వసూలు చేసే విద్యార్థుల మీద చేసినది. ఏమీ ఇవ్వని బృందం అందరికంటే ఎక్కువ వసూలు చేసింది. వసూలులో ఒక శాతం ఇస్తామన్న బృందం అందరికంటే తక్కువ చేసింది. పది శాతం ఇస్తామన్నవాళ్లు మధ్యలో ఉన్నారు.

ఈ రెండూ కలిపి చదివితే మీకు రెండు హెచ్చరికలు దొరుకుతాయి. చిల్లర విదిలిస్తే ఉచితంగా చేయించుకున్న దానికంటే అధ్వాన్నం. పాలుకు 45 డాలర్లు మూడున్నర గంటలకు పంచితే గంటకు 13 కూడా పడదు. మీ తొమ్మిది మందికీ అది మర్యాదగా అనిపిస్తుందా, విదిలించినట్టు అనిపిస్తుందా? నేను చెప్పలేను, వాళ్లను అడగండి. తక్కువ అనిపిస్తే రేటు తగ్గించి సర్దుకోకండి, గదులు తగ్గించండి. నాలుగు గదులు అరకొరగా నడపడం కంటే మూడు గదులు సరైన కూలితో నడపడం మేలు. రెండో హెచ్చరిక 27వ వారం గురించి. గ్రాంట్ అయిపోయిన మర్నాడు అందరూ మళ్లీ పాత వాలంటీర్లు అయిపోతారని అనుకోకండి. ఒకసారి రేటు కట్టిన పనిని మళ్లీ ఉచితంగా చేయడం మనుషుల వల్ల కాదు, అందులో వాళ్ల తప్పూ లేదు. నాలుగో నెలలోనే తర్వాతి దరఖాస్తు పెడతారా, గదులు తగ్గిస్తారా, మూసేస్తారా అన్నది ఇప్పుడే అనుకుని ప్రపోజల్‌లో ఒక పేరా రాసేయండి. చదివేవాళ్లకు కూడా మీ మీద నమ్మకం పెరుగుతుంది.

అయితే అక్క చెప్పేది పూర్తిగా ఒప్పుకుని, డబ్బే వద్దనుకుంటే? దానికీ ఒక పాత కథ ఉంది. తొంభైల్లో అమెరికా ఆన్‌లైన్ సంస్థ చాట్ గదులనూ చర్చా వేదికలనూ వేల మంది వాలంటీర్లు నడిపేవారు. కమ్యూనిటీ లీడర్లు అనేవారు వాళ్లను. శిక్షణ ఉండేది, షిఫ్టులు ఉండేవి, రిపోర్టులు రాయాల్సి వచ్చేది. జీతం బదులు ఉచిత అకౌంట్. ఇంటర్నెట్‌కు గంటల లెక్కన బిల్లు పడే రోజుల్లో ఆ ఉచిత అకౌంట్ చిన్న విషయం కాదు. 1996 డిసెంబర్‌లో కంపెనీ నెలకు 19.95 డాలర్లకే ఎంతసేపైనా వాడుకోవచ్చు అంది. వాలంటీర్ల పని గంటలు అలాగే ఉన్నాయి, వాళ్లకు ముట్టే ప్రతిఫలం మాత్రం ఒక్క ధర ప్రకటనతో నెలకు ఇరవై డాలర్లకు పడిపోయింది. 1999లో మాజీ వాలంటీర్లు కోర్టుకెక్కారు. షిఫ్టులు వేసి రిపోర్టులు రాయించుకుంటే అది ఉద్యోగమే, కనీస వేతనం ఇవ్వాల్సిందే అన్నారు. 2005లో ఆ వాలంటీర్ కార్యక్రమం మూతబడింది. కేసు 2010లో ఒకటిన్నర కోటి డాలర్ల రాజీతో ముగిసింది.

కాబట్టి ఉచితంగా చేయించుకుంటే ప్రేమ మిగులుతుందన్న హామీ కూడా లేదు. ప్రేమతో చేసే పనికి షిఫ్టులు, రిపోర్టులు వచ్చిపడ్డ రోజు కూలి గుర్తుకొస్తుంది. మీ గదులు ఆ దశకు వచ్చేశాయి. వారం వారం రావాలి, నోట్స్ పెట్టాలి, ట్రెజరీకి లెక్క చెప్పాలి. అక్కతో ఇదే చెప్పి చూడండి. ఒప్పుకోకపోతే, ఆవిడ పాలు తీసుకోకుండానే గది నడపనివ్వండి. ఆ పాలు ఏం చేయాలో ఆవిడనే నిర్ణయించమనండి: కొత్త హోస్టుకు శిక్షణగానో, రికార్డింగులకు సబ్‌టైటిల్స్‌కో. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. ఆవిడ డబ్బు తీసుకోవడం లేదని మీటింగులో పొగడకండి. పొగిడిన క్షణం మిగతా ఎనిమిది మందీ డబ్బు మనుషులైపోతారు. ఎవరు తీసుకున్నారు, ఎవరు వద్దన్నారు అన్నది లెక్కల్లో ఉంటే చాలు, చప్పట్లలో అక్కర్లేదు. వద్దనడానికి ఆదర్శం ఒక్కటే కారణం కాదు కూడా. కొందరికి ఉద్యోగ నిబంధనలు అడ్డం రావచ్చు, కొందరికి పన్ను చిక్కులు ఉండొచ్చు. ఎందుకని అడగకండి.

అమెరికా ఆన్‌లైన్ కథలో ఇంకో ముల్లు ఉంది: ప్రతిఫలం విలువ మన చేతిలో లేకపోవడం. టోకెన్లలో ఇది రోజూ ఉండేదే. అడా ధర 2021 సెప్టెంబర్‌లో 3 డాలర్లు దాటింది, 2022 చివరికి పావు డాలరు దగ్గరికి వచ్చింది. నెలకు ఇన్ని టోకెన్లు ఇస్తాం అని మాటిచ్చినవాళ్ల హోస్టులు అదే పని పన్నెండో వంతు కూలికి చేసినట్టయింది. అందుకే రేటు డాలర్లలో రాయండి, చెల్లింపు ఆ రోజు ధరకు టోకెన్లలో ఇవ్వండి. గ్రాంట్ విడత చేతికి రాగానే రెండు నెలల కూలికి సరిపడా, విలువను డాలరుకు కట్టి ఉంచే స్టేబుల్ కాయిన్‌లోకి మార్చి పెట్టుకోండి. స్టేబుల్ అని పేరు పెట్టుకున్నదల్లా నమ్మదగ్గది కాదు సుమండీ. టెర్రా వాళ్ల స్టేబుల్ కాయిన్ యూఎస్‌టీ 2022 మే నెలలో ఎలా కుప్పకూలిందో చూశాం కదా. బాగా పేరున్న యూఎస్‌డీసీ కూడా 2023 మార్చిలో 90 సెంట్ల కిందకు జారి, కొన్ని రోజుల్లో మళ్లీ నిలదొక్కుకుంది. మీ మిగులు 1,470లో సగం ఈ కుదుపులకే ఉంచండి. ధర పెరిగి మిగిలితే? అది హోస్టుల లాభం కాదు, మీ లాభం అంతకన్నా కాదు. ఇంకొన్ని వారాలు గదులు నడపడానికి వాడతామని ముందే రాయండి.

వాలెట్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. మీ గొడవలో సగం ఆ వడ్డించే గరిటె ఒక్కరి చేతిలో ఉండటం వల్లనే వచ్చింది. మీరు ఎంత నిజాయితీపరులైనా సరే, అడిగితే గానీ డబ్బు కదలని చోట మనుషులు మీ ముఖం చూస్తూ మాట్లాడతారు. మల్టీసిగ్ వాలెట్ పెట్టండి. ఐదుగురి తాళాలు, అందులో ముగ్గురు సంతకం పెడితేనే డబ్బు కదలాలి. ఆ ఐదుగురిలో ఇద్దరైనా హోస్టులు కాని బయటివాళ్లు ఉంటే ఇంకా మంచిది. గ్రాంట్ మీ పేరు మీదే వస్తుంది గనక పన్ను మీకు పడే అవకాశం ఉంది. చాలా దేశాల్లో టోకెన్లు చేతికందిన రోజు విలువను ఆదాయంగా చూస్తారు. పంచేసినవి మీ ఆదాయం కాదని చూపించాలంటే ఒక్కొక్కరితో ఒక పేజీ ఒప్పందం, రసీదు ఉండాలి. దరఖాస్తు పంపేలోపు ఒక అకౌంటెంట్‌తో అరగంట మాట్లాడండి. ఇందులో నా సలహా కంటే ఆ అరగంట విలువైనది.

ఇంకొకటి, ఇది తరచూ మర్చిపోతారు. హోస్టులు డబ్బు తీసుకోవడానికి ప్రతి ఒక్కరూ కొత్త అడ్రస్ ఇవ్వాలి. పేరు పక్కన పాత వాలెట్ అడ్రస్ పెట్టి షీటు బయటపెడితే, ఆ మనిషి దగ్గర ఎంతుందో, ఎప్పుడు కొన్నారో, ఎవరికి పంపారో లోకమంతా చూడొచ్చు. లెక్కలు బయటపెట్టండి, మనుషులను కాదు.

పని జరిగిందని ఎలా తెలుస్తుంది? రెండ్రోజుల్లో నోట్స్ అందరికీ కనిపించే చోట ఉంటే ఆ వారం గది నడిచినట్టు. అంతే. గంటల షీట్లు నింపించకండి. కొన్ని బృందాలు ఇంకో ముచ్చటైన పద్ధతి వాడతాయి. 2021లో యర్న్ అనే క్రిప్టో ప్రాజెక్టు వాళ్ల నుంచి పుట్టిన కోఆర్డినేప్ అనే సాధనంలో ప్రతి సభ్యుడికీ నెలకు కొన్ని పాయింట్లు ఇస్తారు. వాటిని తనకు తాను వేసుకోకూడదు, తోటివాళ్లకు పంచాలి. ఎవరికి ఎన్ని పాయింట్లు వస్తే ఆ దామాషాలో డబ్బు. వినడానికి బాగుంటుంది. అయితే అది నలుగురిలో కలిసి తిరిగేవాళ్లకు పండగ, మౌనంగా నోట్స్ రాసేవాళ్లకు శిక్ష. తొమ్మిది మందికి నేనైతే వద్దంటాను.

చివరిగా మీ మొహమాటం. మీరు వాటా తీసుకోవచ్చా అని అడిగారు. హోస్టుగా మీ పాలు మీకు అందరిలాగే వస్తుంది, అందులో అడగాల్సింది లేదు. మిగిలింది సమన్వయం పని: రిపోర్టులు, చెల్లింపులు, దరఖాస్తు. అదీ పనే, దానికీ కూలి ఉండాలి. ఉచితంగా చేస్తానని మీరు ఉదారంగా మొదలుపెట్టి మూడో నెలలో ముఖం మాడ్చుకుంటే తొమ్మిది మందికీ కష్టం. కాకపోతే ఆ అంకె మీరు రాయకూడదు. పోల్కాడాట్‌లో టిప్‌లు మొదట్లో కౌన్సిల్ సభ్యులు తేల్చేవారు. ఒక్కొక్కరూ తనకు న్యాయం అనిపించిన మొత్తం చెప్పేవారు, వాటిలో మధ్యస్థంగా ఉన్న అంకె ఖాయమయ్యేది. సగటు తీస్తే మీకు బాగా కావలసిన ఒక్కరు పెద్ద అంకె రాసి మొత్తం పైకి లాగొచ్చు, కోపమున్న ఒక్కరు సున్నా రాసి కిందికి లాగొచ్చు. మధ్య అంకెను ఒక్కరు అంతగా కదపలేరు. మీరూ అదే చేయండి. మీరు కాక ఎనిమిది మంది ఉన్నారు. మీ పని జాబితా రాసి వాళ్ల ముందు పెట్టండి. ఆరు నెలలకు ఎంత న్యాయమో ఎవరికి వారు విడిగా రాసి, గరిటె పట్టని బయటి మనిషికి పంపాలి. ఎనిమిది అంకెలూ చిన్న నుంచి పెద్దకు వరసలో పెట్టి, నాలుగోదీ ఐదోదీ కూడి సగం చేయండి. అది ఆ 1,470లో మిగిలిన సగంలో పట్టాలి, పట్టకపోతే ఆ సగం దగ్గరే ఆగాలి. అంకెను ప్రపోజల్‌లో మీ పేరు పక్కనే, అందరికీ కనిపించేలా రాయండి.

గడువు మూడు వారాలు అన్నారు. ఈ వారం మీటింగ్ అయ్యాక గదులు మూసేసి, తొమ్మిది మందీ ఒకే గదిలో కూర్చోండి. నోట్స్ రాసే అబ్బాయిని ఆ రోజు రాయొద్దని చెప్పండి, మాట్లాడమనండి. నోట్స్ మీరు రాయండి.